హ్యాండ్‌బ్యాగులో పవర్ కేబుల్

పోయిన వారం మా నేరేడ్‌మెట్ ఫ్లాటులో ఉన్నట్టుండి ఇంటర్నెట్ ఆగిపోయింది. సీరియల్ సగంలో ఆగిపోతే మా వయసు వాళ్లకు ఎంత చిరాకో మీకు వేరే చెప్పనక్కర్లేదు కనుక, ఫోను మీద ఫోను చేసి మర్నాడు పొద్దున్నే మనిషిని రప్పించాను. అతను వచ్చి, గోడకున్న డబ్బా వెనకాల బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, దీపాలు వెలగగానే కేబుల్ లూజయిందాంటీ అని చెప్పి, మంచినీళ్లన్నా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ నొక్కు చూడగానే పద్మారావు నగర్‌లో మా పాత అద్దె ఇల్లు, అందులో మా మొదటి కంప్యూటరు, దాని వైర్లతో నేను చేసిన ఒక పాడుపని వరసగా గుర్తొచ్చాయి. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయన దాన్ని తెలుసుకోకుండానే మూడేళ్ల కిందట పోయారు. ఆ కాలంలో ఇళ్లు నడిపిన మీలాంటి వాళ్లకైతే నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది, మీరు నన్ను వెనకేసుకు రాకపోయినా సరే.

రెండువేల సంవత్సరం వస్తే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ బెదిరిపోయి, తీరా వచ్చాక ఏదీ ఆగకపోవడంతో, ఇక ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండి తీరాలని ఎగబడ్డ రోజులవి. అమీర్‌పేట గోడల మీద సినిమా బొమ్మలకు చోటు లేకుండా కోర్సుల పోస్టర్లు అతికించేవారు, పెళ్లిచూపుల్లో పాట పాడమనడం మానేసి ఏ కోర్సు చేశావని అడిగేవారు. నేనప్పటికి నలభై దాటి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా ఉన్నాను. కంప్యూటరు వచ్చిన వాళ్లను వేరే విభాగంలోకి తీసుకుంటారని, అక్కడ ఏసీ కూడా ఉంటుందని ఆఫీసులో అనుకోగానే, మా ఆయన్ను వెంటబెట్టుకుని పార్క్ లేన్‌కు వెళ్లి, విడిభాగాలు కలిపి బిగించిన ఒక కంప్యూటరును ఆటోలో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మాకు పిల్లలు లేరు. ఆ పెట్టె మీద నాకున్న మమకారానికి అదీ ఒక కారణమేమో, ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది.

మా వాళ్లది విజయనగరం వైపు. పద్మారావు నగర్‌లో మొదటి అంతస్తులో మేముండే ఇంటికి ఒక హాలు, వంటగది, రెండు గదులు ఉండేవి. ఒక గది మా దంపతులది. రెండోది చిన్నదే అయినా గట్టి తలుపు, గడియ ఉన్న గది, అప్పుడే పెళ్లయిన మా మరిదికీ తోడికోడలికీ దక్కవలసింది. దుమ్ము పడితే పాడైపోతుందన్న వంకతో నేను దాన్ని కంప్యూటరుకు ఇచ్చాను. కొత్త దంపతులు హాల్లో, తాడుకు కట్టిన నా పాత చీర చాటున పడుకునేవారు. వాళ్లకు అడ్డమెందుకని మా అత్తగారు వంటగదిలో చాప వేసుకునేవారు. కంప్యూటరుకు మాత్రం పూల అంచుల ముసుగు, ఫ్యాను, దసరాకు పసుపు కుంకుమ. గుమ్మం బయటే చెప్పులు విడవాలని నేను పెట్టిన నిబంధన మా ఆయనకు కూడా వర్తించేది.

అంత సేవ చేయించుకున్నా అది ఒక్క పూట బుద్ధిగా ఉంటే ఒట్టు. ఒకరోజు తెర అంతా గులాబీ రంగుకు తిరిగేది, వెనక వైరు కదిపితే మామూలయ్యేది. ఒకరోజు మౌసు పైకి పొమ్మంటే పక్కకు పోయేది, దాన్ని వెల్లకిలా తిప్పి గుండు బయటికి తీసి గోటితో మట్టి గీకాల్సి వచ్చేది. కరెంటు పోగానే కింద ఉన్న బ్యాటరీ డబ్బా కీచుమని అరుస్తుంటే అత్తగారు ఉలిక్కిపడి దేవుణ్ణి తలుచుకునేవారు. ఇక వైరస్. యాంటీవైరస్ సీడీ వేస్తే కంప్యూటరు నడక నత్తకన్నా నెమ్మదయ్యేది, తీసేస్తే నాకు భయం పట్టుకునేది. గడువు తీరిపోయిందని ఎర్ర అక్షరాలతో అది బెదిరించినప్పుడల్లా పార్క్ లేన్ నుంచి మెకానిక్‌ను పిలిపించేదాన్ని. ఇంత తంటాలు పడి నేను నేర్చుకున్నది రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతికి కొట్టడం.

మా తోడికోడలికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. విజయనగరంలో టైపు హయ్యరు పాసయింది, ఇంగ్లీషు, తెలుగు రెండూ. మాకు ఆ సంగతి పెళ్లిలో చెప్పారు గాని ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఆదివారం నేను ఆఫీసు ఉత్తరం ఒకటి కొడుతూ గంట నుంచి తంటాలు పడుతుంటే, నేను కొడతానక్కయ్యా అని వచ్చి కూర్చుంది. చేతులు చీర కొంగుకు తుడుచుకుని, కీబోర్డు వైపు చూడకుండా, నేను రాసిన కాగితం వైపే చూస్తూ నాలుగు నిమిషాల్లో మొత్తం కొట్టేసి లేచి పోపు పెట్టడానికి వెళ్లిపోయింది. మా ఆయన పేపరు దించి చూశారు. అత్తగారైతే గుమ్మంలో నిలబడి మురిసిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటను ఇన్నేళ్ల తర్వాత కూడా తక్కువ చేసి చెప్పలేను.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆమె పేపరు ముక్క ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బేగంపేటలో ఒక ఆఫీసు వాళ్లు, అమెరికా డాక్టర్లు మాట్లాడి రికార్డు చేసినదాన్ని విని టైపు కొట్టే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారట. క్యాసెట్టు ఇస్తారట, అందులో పది కేసులు తప్పుల్లేకుండా కొట్టి ఇస్తే ఉద్యోగమట. మా మరిది మందుల దుకాణంలో పనిచేసేవాడు, వాడి జీతానికి వేరే ఇల్లు కుదిరేది కాదు. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గాని, ఆ రోజు మాత్రం నా మంచం పక్కన నేల మీద కూర్చుని, ఒక్క గది ఉన్నా చాలండి అక్కయ్యా, తలుపు ఉంటే చాలు అంది. మధ్యాహ్నం పూట కంప్యూటరు వాడుకోనివ్వమని అడిగింది.

నేను కుదరదన్నాను. బయటి ఫ్లాపీలు పెడితే వైరస్ వస్తుందన్నాను, నూనె చేతులతో కీలు అంటుకుపోతాయన్నాను, కరెంటు ఎక్కువతక్కువైతే పేలిపోతుందని కూడా అన్నాను. అసలు కారణం వేరు. నేను పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తే వేడి అన్నం, ఇస్త్రీ చీర, మా అత్తగారి మందులు అన్నీ ఆ పిల్ల చేతి మీదుగా జరిగిపోయేవి. ఆమె ఉద్యోగానికి పోతే అవన్నీ నా నెత్తిన పడతాయి. పైగా నేను రెండు వేళ్లతో ఎక్కాలనుకుంటున్న మెట్టును ఆమె పది వేళ్లతో ఎక్కేస్తుంది. అత్తగారు మాత్రం ఊరుకోకుండా, "పోనీయే, మధ్యాన్నం ఖాళీయే కదా, ఆ పిల్లని నేర్చుకోనీ. నీ సొమ్మేటి పోయింది?" అన్నారు. ఆ మర్నాటి నుంచి సీపీయూకు కరెంటు ఇచ్చే నల్ల కేబుల్‌ను ఊడబీకి, చుట్ట చుట్టి, నా హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఆఫీసుకు తీసుకుపోవడం మొదలుపెట్టాను. మీలో కొందరు పిల్లలు ఆటలాడతారని మౌసు బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటారు. నేను పెద్ద మనిషి మీద వేశాను.

రెండు వారాలు నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు తలనొప్పని సగం పూట సెలవు పెట్టి ఇంటికి వస్తే, కంప్యూటరు ముసుగు నేను మడిచే పద్ధతిలో లేదు. మానిటరు మీద చెయ్యి వేస్తే పొయ్యి మీంచి దించిన గిన్నెలా వెచ్చగా ఉంది. కేబుల్ చూస్తే నా బ్యాగులోనే ఉంది. నాకు మతిపోయింది. వంటగదిలో తోడికోడలు నన్ను చూసి కంగారుగా అన్నం కుక్కరుకు వైరు తగిలిస్తోంది. అప్పుడు అర్థమైంది. కరెంటు కుక్కరు వైరు మూతి కంప్యూటరు వెనక చక్కగా పట్టేస్తుంది. అది నాకు తట్టలేదు, ఎందుకంటే ఆ కుక్కరును నేను ముట్టుకుని ఎన్నాళ్లో అయింది. రోజూ కుక్కరులో అన్నం అయ్యాక ఆ వైరు ఇటు వస్తోంది, నేను వచ్చే వేళకు అటు పోతోంది. అత్తగారు బాల్కనీలో బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వీధి చివర నేను కనబడతానేమోనని కాపలా కాస్తున్నారు.

అప్పుడే అడిగేసి నాలుగు అరుపులు అరిచి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది, ఆమెకూ మంచి జరిగేది. నేను ఏమీ తెలియనట్టు ఊరుకున్నాను. మర్నాడు ఆఫీసుకు బయలుదేరే ముందు మానిటరు వైరును వెనకనుంచి కొద్దిగా వదులు చేశాను, చూడటానికి తగిలించినట్టే ఉంటుంది గాని తెర వెలగదు. అది పాడైపోయిందని ఆమె అనుకోవాలి, దొంగతనంగా వాడుతోంది కనుక ఎవరికీ చెప్పుకునే వీలుండదు, అదీ నా ఎత్తు. ఆ సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మర్నాడు వేలు కోసుకుంది. నేను అన్నం ముందు కూర్చుని, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని మెత్తగా అడిగాను. అలా అడగడంలో నాకు కలిగిన తృప్తి ఎంతటిదో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. మూడో రోజుకు మళ్లీ ఆమె ముఖం కళకళలాడింది, తెర కూడా వెలుగుతోంది. ఎలా బాగుచేసిందో నాకు అంతుపట్టలేదు.

శనివారం ఇంట్లో అందరూ గుడికి వెళ్లినప్పుడు కంప్యూటరు తెరిచి వెతికాను. వంటలు అని పేరు పెట్టిన ఒక ఫోల్డరు కనబడింది. వంటల పేరు చూస్తే నేను తెరవనని ఆమెకు బాగా తెలుసు. లోపల పది కేసులు. ఎవరో ముసలాయన మోకాళ్లు, ఎవరో ఆవిడ పిత్తాశయం ఆపరేషను, వరసగా, ఒక్క తప్పు లేకుండా. నేను చదివినంతమేరా వెతికాను, ఒక్కటీ దొరకలేదు. చివర బేగంపేట ఆఫీసు వాళ్లకు ఆమె రాసుకున్న ఉత్తరం ఉంది. సోమవారం ఫ్లాపీ తెచ్చి ఇస్తానని, ఉద్యోగం ఇస్తే ఇంటి దగ్గర కూడా పని చేసుకోగలనని, తనకు ఇంట్లో సొంత కంప్యూటరు ఉందని రాసింది. ఆ సొంత అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున మెకానిక్ వచ్చాడు. కొత్త యాంటీవైరస్ వేయించడానికి వారం ముందే అతనికి చెప్పి ఉంచాను. అతను వెనక వైర్లన్నీ ఒకసారి నొక్కి చూసి, "మొన్న సుత తెర వస్తలేదని చిన్న మేడం ఫోన్ జేస్తె వచ్చి చూసిన. కేబుల్ జెర లూజున్నది, గంతే" అన్నాడు. వీధి మలుపులో ఉన్న ఎస్టీడీ బూతు నుంచి పిలిపించిందన్నమాట. నేను తెలిసినట్టే తల ఊపాను. సీడీ వేశాడు. కాసేపటికి తెర మీద ఎర్ర వరసలు మొదలయ్యాయి. టైపు కొట్టిన కాగితాలకు అంటుకునే వైరస్ అట, నా ఆఫీసు ఉత్తరాలకూ వంటల ఫోల్డరుకూ పట్టింది. టేబులు మీదున్న ఫ్లాపీని పెట్టి చూసి, "ఇది మీ ఆఫీసుదే గదా మేడం? ఇందులకెల్లే వచ్చింది" అన్నాడు. వారం కిందట దాన్ని తెచ్చి పెట్టింది నేనే.

తర్వాత అతను నన్నొక మాట అడిగాడు. "క్లీన్ చెయ్యాల్నా, డిలీట్ చెయ్యాల్నా? క్లీన్ చేస్తె ఫైల్ ఉంటది, వైరస్ పోతది. జెర టైమ్ పడ్తది." నా ఉత్తరాలు క్లీన్ చెయ్యమన్నాను. వంటల ఫోల్డరు దగ్గరికి వచ్చేసరికి డిలీట్ అన్నాను. అతను మౌసు మీద చెయ్యి ఆపి, "ఇండ్ల ఎవరిదో పని ఉన్నట్టున్నది మేడం, పరేషాన్ అయితరు" అన్నాడు. అవేం పనికొచ్చేవి కావు, తీసెయ్యండి అన్నాను. అప్పుడే తోడికోడలు టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తెర మీద వరసలు చూసి, ఏటయిందండి అక్కయ్యా అని అడిగింది. వైరస్ అన్నాను. "అన్నీ పోతాయేటండి?" అంది. మెకానిక్ నోరు తెరిచేలోపల నేనే, పట్టినవన్నీ పోతాయమ్మా అన్నాను.

ఆమె ఒక్క మాట అని ఉంటే నేను ఏం చేసి ఉండేదాన్నో తెలియదు. అందులో నావి ఉన్నాయండి అని ఉంటే ఆ మెకానిక్ ఆపేవాడు. నేను ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను, అంటుందా అనదా అని. ఆమె టీ ట్రేతో లోపలికి వచ్చింది. ట్రే టేబులు మీద పెట్టకూడదని నా నిబంధన కనుక దాన్ని అలాగే రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అతను నొక్కాడు. టీ తీసుకోండి అన్నది అతనితో, అంతే. క్యాసెట్టు ఆఫీసు వాళ్లకు రెండు రోజుల కిందటే తిరిగి ఇచ్చేసిందట, మళ్లీ కొట్టడానికి కూడా లేదు. సొంతానికి ఒక ఫ్లాపీలో దాచుకోలేదా అని మీరు అడగొచ్చు. ఫ్లాపీ ఇంట్లోకి తేకూడదని నేను చెప్పాను కదా, దాన్ని ఆమె వీలైనంత వరకు పాటించింది. సోమవారం నేను వెళ్లాక ఒకటి కొని కాపీ చేసుకుందామనుకుంది.

సోమవారం ఆమె బేగంపేట వెళ్లిందో లేదో నేను అడగలేదు. సాయంత్రం నేను చెప్పులు విడుస్తుండగానే వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు నాదేనండి అక్కయ్యా. మీకు తెలీకుండా కుక్కరు వైరు పెట్టి వాడుకుంటన్నాను. ఆ ఆఫీసోళ్లు నమూనా చూసుకోమని ఫ్లాపీ ఇస్తే ఒక్కసారి పెట్టాను. దాన్నుంచే వచ్చుంటాది. మీ కంప్యూటరు పాడుచేసేశాను" అని ఏడ్చింది. వైరస్ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, పది కేసులు ఎవరు తీయించారో తెలుసు. అయినా నేను ఆమెను క్షమించాను. భుజం తట్టి, పోనీలే, తెలియక చేశావు, ఇకమీదట వీటి జోలికి రాకు అని చెప్పి, లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కుని ఆమె వండిన అన్నం తిన్నాను. అత్తగారు మాత్రం ఆ రోజు నుంచి పోయేదాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆవిడకు ఎంత తెలుసో నాకు తెలియదు.

ఆ తర్వాత మూడేళ్లు వాళ్లు ఆ హాల్లోనే, ఆ చీర చాటునే ఉన్నారు. అత్తగారు పోయాక మారేడ్‌పల్లిలో ఒక గది చూసుకుని వెళ్లిపోయారు. ఆమె చీరలకు ఫాల్సు కుట్టడం, అంచులకు పీకో చెయ్యడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు అదే చేసింది, మిషను మీదా చేత్తోనూ. నా చీరలన్నీ ఆమె కుట్టినవే, కుట్టు ఎక్కడా వంకర పోదు. ఏసీ విభాగం నాకు దక్కింది. అక్కడ కూడా చివరిదాకా రెండు వేళ్లతోనే కొట్టి రిటైరయ్యాను. వాళ్ల అమ్మాయి పెద్దదై, ఇంటికి కంప్యూటరు తెచ్చి, అమ్మా కూర్చో, నేర్పుతా అంటే, నా చెయ్యి తగిలితే పాడైపోతాదమ్మా, మీ పెద్దమ్మనడుగు ఏటయిందో అని నవ్వుతూ దూరం జరిగిందట. ఆ పిల్ల నన్ను నిజంగానే అడిగింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు కాలం ఎంత మారిందో మీరూ చూస్తున్నారు. ఎవరి యంత్రం వాళ్ల అరచేతిలో ఉంది, ఒకరి చదువుకు ఇంకొకరు తాళం వెయ్యడం మునుపటంత సులువు కాదు. ఇళ్లలో గదులు ఎక్కువయ్యాయి, ప్రతి గదికీ తలుపు ఉంది. మా ఫ్లాటులో మూడు గదులు, నేను ఒక్కదాన్ని. మధ్యాహ్నాలు గడవవు. ఒకప్పుడు ఒకే కప్పు కింద అయిదుగురం ఒకరి గొంతు ఒకరికి వినబడేలా బతికాం, అప్పుడు ఆ గొంతుల్లో ఒకదాన్ని నేను వినదలచుకోలేదు, ఇప్పుడు ఆ ఒక్కటీ ఎప్పుడు వినబడుతుందా అని బాల్కనీలో నిలబడి బస్టాపు వైపు చూస్తుంటాను.

నెలకోసారి ఆమె మారేడ్‌పల్లి నుంచి బస్సెక్కి వస్తుంది, గ్యాసు బుక్ చేయించుకోవడానికి, కరెంటు బిల్లు కట్టించుకోవడానికి. కూతురు చేస్తానన్నా వినదట, అక్కయ్యకు బాగా తెలుసు, ఆవిడే చెయ్యాలి అంటుందట. పోయిన నెల నేను ఆమె ఫోనులో నొక్కుతుంటే పక్కన కూర్చుని ఉన్నట్టుండి, "ఆ వైరస్సు నిజంగా నా వల్లే వచ్చిందంటారా అక్కయ్యా?" అని అడిగింది. పాత సంగతులు ఇప్పుడెందుకులే అన్నాను. ఆమె తల ఊపి, నిజమేనండి అంది. ఇవన్నీ నేర్పడం నాలుగు నిమిషాల పని, ఆ వేళ్లకైతే రెండు నిమిషాలు కూడా పట్టదు. నేను ఫోను కాస్త నా వైపు తిప్పుకుని, ఏది నొక్కుతున్నానో కనబడకుండా నొక్కి తిరిగి ఇచ్చేస్తాను. నేర్పేస్తే పై నెల ఆమెకు ఇక్కడికి రావలసిన పని ఉండదు.